బిల్ వీక్ - ఎడారిలోని ఆటస్థలము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నైఋతి దిక్కున ఆరిజోనా అను రాష్ట్రము కలదు. అందు చాల భాగము ఎడారి. వర్షము అరుదు. రాతిగుట్టల మీదను, ఇసుక నేలల యందును సగువారో అను జెముడు జాతి చెట్లు, మనుష్యులు చేతులు పైకెత్తి నిలిచినట్లు కానవచ్చును. వేసవిలో అచటి యెండ భరింపరానిది. కాని ఫిబ్రవరి, మార్చి మాసములలో ఆకాశము నిర్మలముగాను, గాలి హాయిగాను ఉండును. ఏటేట ఆ దినములలో దేశము నలుమూలల నుండి వేలకొలది ప్రజలు ఆ యెడారికి ప్రయాణమై పోవుదురు. వారు పోవుట తీర్థసేవకు గాదు, వర్తకమునకును గాదు. బేస్‌బాల్ ఆట చూచుటకు.

బేస్‌బాల్ అమెరికనులకు మిక్కిలి ప్రియమైన ఆట. మన క్రికెట్టు ఆటలో వలెనే ఇందును ఒకడు బంతి విసరును, మరియొకడు దానిని కొయ్యబ్యాటుతో కొట్టును. కొట్టినవాడు చదరముగా అమర్చిన నాలుగు స్థానములను చుట్టివచ్చినచో ఒక పరుగు లభించును. జట్టునకు 9 మంది ఆడుదురు. అసలు పోటీలు వసంతకాలమున మొదలై శరత్కాలము వరకు సాగును. అయితే ఉత్తరదేశపు నగరములలో ఫిబ్రవరి నాటికి ఇంకను చలి తగ్గదు. నేలపై మంచు కరగదు. కావున జట్లు వెచ్చని ప్రదేశములకు పోయి కొన్ని వారములు సాధన చేసి, తమలో తాము పోటీలు ఆడికొనును. ఈ పోటీల గెలుపోటములు అసలు పోటీల లెక్కలోనికి రావు. కావున పేరుగాంచిన ఆటగాండ్రు సైతము తీరికగా నుండి, కంచె ప్రక్క నిలిచిన బాలురకు సంతకములు చేసి యిత్తురు. కాని క్రొత్తగా చేరిన ఆటగానికి మాత్రము ఆ వారములు పరీక్షాకాలము. జట్టులో అతనికి చోటు దొరకునో లేదో అచటనే తేలును.

పెద్ద జట్లు మొత్తము 30 కలవు. వానిలో 15 జట్లు ఫ్లోరిడా రాష్ట్రమునకును, 15 జట్లు ఆరిజోనాకును పోవును. ఆరిజోనాలోని పోటీలకు జెముడు చెట్టు పేరు మీద కాక్టస్ లీగ్ అను పేరు కలిగినది. ఆ 15 జట్ల ఆటస్థలములన్నియు ఫీనిక్స్ నగరమునకు చుట్టుప్రక్కలనే ఉన్నవి. అందుచేత ఒకేచోట బస చేసిన ప్రయాణికుడు మధ్యాహ్నము ఒక ఆటను, రాత్రి మరియొక ఆటను చూడగలుగును. ఎన్ని దినములు ఉండవలెను, ఏ దినమున ఎచటికి పోవలెను అని ఆటల పట్టికను ముందు పెట్టుకొని లెక్కలు వేసికొనుట అచటి కుటుంబములకు ఒక వేడుక. కాని 1946 వరకు ఇట్టి వేడుక లేదు. పెద్ద జట్లు ఏటేట ఆ యెడారికి పోవు వాడుక అప్పటికి ఏర్పడలేదు. ఆ వాడుకకు పునాది వేసినవారిలో ముఖ్యుడు బిల్ వీక్. ఆయన పూనికలో వినోదము మాత్రమే గాక, న్యాయబుద్ధియు కలదు.

విలియం లూయిస్ వీక్ 1914వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన షికాగో నగరమున జన్మించెను. అందరును ఆయనను బిల్ అని పిలుచుచుండిరి. ఆయన తండ్రి మొదట ఒక వార్తాపత్రికలో ఆటలను గూర్చి వ్రాయుచుండెడివాడు. షికాగో కబ్స్ అను జట్టు నడపబడు తీరులోని లోపములను ఆయన తన పత్రికలో విమర్శించెను. జట్టు యజమాని దానికి కోపగింపక, ఆ విమర్శకునే పిలిపించి జట్టు వ్యవహారములను ఒప్పగించెను. ఈ కారణమున బిల్ బాల్యము చాలవరకు ఆటస్థలముననే గడచెను. అధ్యక్షుని కుమారుడనని ఆయన పెద్దల సరసన కూర్చుండలేదు. తినుబండారములు అమ్మెను, టిక్కెట్ల గదిలో పనిచేసెను, పచ్చికను బాగుచేయు పనివారికి తోడ్పడెను. తక్కువ వెలగల చోట్ల ఎండలో కూర్చుండువారే ఆటను అధికముగా ప్రేమింతురని ఆయన ఆనాడే గ్రహించెను. ఆ గ్రహింపు ఆయనను జీవితాంతము వదలలేదు.

1933లో తండ్రి మరణించెను. బిల్ కళాశాల చదువు విడిచి, కబ్స్ జట్టు కార్యాలయమున చిన్న ఉద్యోగమున చేరెను. 1937లో ఆ జట్టు ఆటస్థలమైన రిగ్లీ ఫీల్డు ఇటుకగోడ వెంబడి తీగలను నాటించెను. ఆ తీగలు నేటికిని ఆ గోడను పచ్చగా కప్పియున్నవి.

1941లో ఆయన చార్లీ గ్రిమ్ అను మిత్రునితో కలిసి మిల్వాకీ నగరపు జట్టును కొనెను. అది రెండవ తరగతికి చెందిన జట్టు, అప్పులలో మునిగియుండెను. ఆటకు వచ్చువారును బహు కొద్ది. వీక్ ఆటస్థలమును కడిగించి రంగులు వేయించెను. ప్రేక్షకులకు ఎదురుచూడని కానుకలు ఇచ్చి సంతోషపెట్టెను. రెండవ ప్రపంచయుద్ధము నాటి కర్మాగారములలో రాత్రులు పనిచేయు కార్మికులు సాయంకాలపు ఆటలకు రాలేకపోవుచుండిరి. ఆయన వారి కొరకు ఉదయపు ఆటలు ఏర్పాటు చేసి, వచ్చినవారికి ఫలాహారము పెట్టించెను. కొలది కాలములోనే ఆ జట్టు తన తరగతిలో ప్రథమస్థానమును పొందెను.

మిల్వాకీ జట్టు సాధన కొరకు ఫ్లోరిడాలోని ఒకాలా అను ఊరికి పోవుచుండెను. దక్షిణపు రాష్ట్రములలో ఆ కాలమున నల్లజాతివారికిని తెల్లజాతివారికిని ప్రతిచోటను వేరు ఏర్పాట్లుండెను. వేరు బడులు, వేరు బండ్లు, త్రాగు నీటికి సైతము వేరు కుళాయిలు. ఆటస్థలమునందును నల్లవారు దూరముగా వేరుగానే కూర్చుండవలెను. ఒకనాడు వీక్ ఎప్పటివలెనే తక్కువ వెల చోటుకు పోయి, నల్లవారి నడుమ కూర్చుండి వారితో ముచ్చటించుచుండెను. వెంటనే ఊరి అధికారులు వచ్చి, తెల్లవాడు అచట కూర్చుండుట చట్టవిరుద్ధమనియు, లేచిపోవలసినదనియు ఆజ్ఞాపించిరి. ఆయన లేవలేదు. తనను బలవంతపెట్టినచో జట్టును ఆ ఊరినుండియే తీసికొనిపోయెదనని తెలియజేసెను. అధికారులు వెనుకకు తగ్గిరి. ఈ సంఘటనను వీక్ తరువాత తన ఆత్మకథలో వ్రాసికొనెను.

1943లో ఆయన మెరైన్ సేనలో సామాన్య సైనికునిగా చేరెను. పసిఫిక్ సముద్రములోని బూగన్‌విల్ ద్వీపమున నుండగా, ఒక ఫిరంగి ప్రేలునప్పుడు వెనుకకు తన్ని ఆయన కుడికాలిని నలుగగొట్టెను. వైద్యులు ఎంత ప్రయత్నించినను గాయము మానలేదు. 1946 నవంబరులో ఆ పాదమును తీసివేయవలసి వచ్చెను. తరువాతి సంవత్సరములలో ఆ కాలికి ముప్పదికి పైగా శస్త్రచికిత్సలు జరిగెను. అయినను ఆయన నలుగురిలో తన బాధను గూర్చి మొరపెట్టుకొనలేదు. కొయ్యకాలితోనే నడచెను, నృత్యము చేసెను, ఆటస్థలమున మెట్లెక్కి ప్రేక్షకుల నడుమకు పోవుచుండెను.

ఆ యేడాది జూన్ మాసముననే ఆయన మరికొందరితో కలిసి క్లీవ్‌లాండ్ ఇండియన్స్ అను పెద్ద జట్టును కొనియుండెను. జట్టు చేతికి రాగానే తరువాతి సంవత్సరపు సాధన ఎచట జరుపవలెనను ప్రశ్న వచ్చెను. క్లీవ్‌లాండ్ జట్టు అదివరకు ఫ్లోరిడాకు పోవుచుండెను. వీక్ ఆలోచన మరియొక దారి పట్టెను. ఆరిజోనాలో టూసాన్ నగర సమీపమున ఆయనకు ఒక పశువుల క్షేత్రము ఉండెను. ఆ ప్రాంతపు వాతావరణము ఆయనకు బాగుగా తెలియును. అచట చలికాలపు చివర వాన భయము తక్కువ గావున ఆటలు ఆగిపోవు. వీటికి మించిన కారణము మరియొకటి ఉండెను. నల్లజాతి ఆటగానిని తన జట్టులో చేర్చుకొనవలెనని ఆయన సంకల్పించుకొనెను. అట్టివానిని ఫ్లోరిడాకు తీసికొనిపోయినచో అడుగడుగునను అవమానము తప్పదు. ఎడారి రాష్ట్రమున ఆ పట్టుదలలు కొంత తక్కువగా నుండునని ఆయన తలంచెను.

తలంచుట సులభము, ఏర్పాటు చేయుట కష్టము. క్లీవ్‌లాండ్ నుండి టూసాన్ దాదాపు 3,000 కిలోమీటర్ల దూరము. అంత దూరము ఆటగాండ్రను, శిక్షకులను, సామగ్రిని తరలింపవలెను. కొన్ని వారములకు బస కుదుర్పవలెను. పెద్ద జట్టునకు తగిన ఆటస్థలము కావలెను. టూసాన్ ప్రముఖులలో ఒకడైన హైరమ్ కార్బెట్ నగరపు ఆటస్థలమును సమకూర్చుటకు తోడ్పడెను. తరువాత 1951లో ఆ ఆటస్థలమునకు ఆయన పేరే పెట్టబడెను. ఇవన్నియు కుదిరినను ఒక పెద్ద చిక్కు మిగిలెను. ఒక్క జట్టు తనతో తాను పోటీ ఆడికొనజాలదు గదా! ఎడారిలో ఎదురు జట్టు ఎచటినుండి వచ్చును? వీక్ న్యూయార్క్ జయంట్స్ జట్టు యజమాని హొరేస్ స్టోన్‌హామ్‌ను సంప్రదించి, ఆ జట్టును ఫీనిక్స్ నగరమునకు వచ్చునట్లు ఒప్పించెను. టూసాన్‌కును ఫీనిక్స్‌కును నడుమ దాదాపు 180 కిలోమీటర్లు. రెండు జట్లు ఒకరి ఊరికి ఒకరు పోయి ఆడుటకు అది అనువైన దూరము. ఈ విధముగా 1947 మార్చి మాసమున రెండు జట్లతో ఎడారిలో పోటీలు ఆరంభమయ్యెను. పాదము కోల్పోయిన కొలది మాసములకే వీక్ తలపెట్టిన పని నెరవేరెను.

ఆ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన బ్రూక్లిన్ జట్టు జాకీ రాబిన్‌సన్ అను నల్లజాతి యువకుని ఆడించి చరిత్ర సృష్టించెను. పెద్ద జట్లు నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్ అని రెండు కూటములుగా నుండెను. రాబిన్‌సన్ మొదటి దానిలోనివాడు. రెండవ దానిలో అట్టి ఆటగాడు ఒక్కడును లేడు. జూలై మాసమున వీక్ ఆ లోటును తీర్చెను. నూవర్క్ ఈగిల్స్ అను నల్లజాతివారి జట్టులో ఆడుచున్న లారీ డోబీ అను 23 ఏండ్ల యువకుని క్లీవ్‌లాండ్ జట్టులో చేర్చుకొనెను. కొందరు యజమానులు నల్లవారి జట్లకు పైకము చెల్లింపకయే ఆటగాండ్రను లాగికొనుచుండిరి. వీక్ అట్లు చేయక, నూవర్క్ జట్టునకు సొమ్ము చెల్లించి డోబీని తీసికొనెను. కోపము రేపువారు పలువురుందురు గనుక ఓర్పు వహింపవలెనని అతనికి ముందుగానే చెప్పి హెచ్చరించెను.

జూలై 5వ తేదీన డోబీ తొలిసారి ఆడెను. జట్టులోని కొందరు అతనితో చేయి కలుపుటకైనను ఇష్టపడలేదు. ఆ యేడు అతడు ఎక్కువ భాగము కూర్చుండియే గడపవలసి వచ్చెను. బ్యాటు పట్టిన 32 పర్యాయములలో 5 పర్యాయములు మాత్రమే బంతిని సఫలముగా కొట్టగలిగెను. వీక్ పొరపడెనని పలువురు తలంచిరి. ఆయన మాత్రము డోబీని వదలలేదు.

1948 వసంతమున డోబీ టూసాన్‌కు సాధనకై వచ్చెను. అతనికి ఆ యెడారి వారములు నిజముగా పరీక్షయే. అతడు అదివరకు ఆడిన స్థానమున అనుభవజ్ఞుడైన ఆటగాడు స్థిరపడియుండెను. కావున డోబీ దూరముగా నిలిచి ఎత్తైన బంతులను పట్టు క్రొత్త విద్యను నేర్చుకొనవలసి వచ్చెను. పూర్వకాలపు మహాక్రీడాకారుడు ట్రిస్ స్పీకర్ అతనికి శిక్షణ యిచ్చెను. ఆటస్థలమున ఇట్లుండగా, ఊరిలో మరియొక పరీక్ష ఎదురయ్యెను. జట్టువారికి బస యిచ్చిన హోటలు డోబీకి గది ఇయ్యజాలమనెను. సాయంకాలము సహచరులందరును ఒక దారిని పోవుచుండగా అతడు ఒంటరిగా మరియొక దారిని పోయి, నగరములోని ఒక నల్లజాతి కుటుంబము వారి యింట తలదాచుకొనెను.

ఫ్లోరిడా వంటి కట్టుబాట్లు ఎడారిలో నుండవని వీక్ తలంచిన తలంపు తప్పయ్యెను. దూరము మారెను, గాలి మారెను. మనుష్యుల మనస్సులు మారలేదు. ఆయన హోటలు వారితో వాదించెను. కాని ఆ భేదము ఒక్క యేట తొలగలేదు. పలు సంవత్సరములు సాగెను. మంచి తలంపుతో వేసిన పథకమైనను, దాని భారమును చివరకు మోసినవాడు డోబీయే. పగలు ఎండలో బంతుల వెంట పరుగెత్తి, రాత్రి వేరు యింట నిదురించి, మరునాడు మరల మొదటివాడుగా ఆటస్థలమునకు వచ్చునంతటి ధైర్యము అతనికి కావలసివచ్చెను. సాధన ముగియునప్పటికి అతడు జట్టులో తన చోటును సంపాదించుకొనెను.

ఆ యేడు క్లీవ్‌లాండ్ ప్రజలు మరువలేనిది. జూలై మాసమున వీక్ సాచెల్ పేజ్ అను ప్రసిద్ధుడైన నల్లజాతి ఆటగానిని చేర్చుకొనెను. అతనికి అప్పటికి 42 ఏండ్లు. వృద్ధుని తెచ్చి వేడుక చేయుచున్నాడని పలువురు వీక్‌ను నిందించిరి. పేజ్ బంతి విసరిన ఆటలలో 6 గెలిచి ఒక్కటి మాత్రమే ఓడి వారి నోళ్లు మూయించెను. ఆ యేడు క్లీవ్‌లాండ్ ఆటస్థలమునకు 26 లక్షల 20 వేలకు పైగా ప్రేక్షకులు వచ్చిరి. అంతవరకు ఏ జట్టునకును అంతమంది రాలేదు. గొప్ప ఆటగాండ్రకే సన్మానములేల, సామాన్య ప్రేక్షకునికి ఏల చేయరాదు అని ఒక రాత్రి కావలివాడు పత్రికకు జాబు వ్రాసెను. వీక్ అతనినే పిలిపించి, వేలకొలది జనుల సమక్షమున కానుకలతో సన్మానించెను.

అక్టోబరులో ప్రపంచ శ్రేణి అనబడు తుది పోటీలు బోస్టన్ జట్టుతో జరిగెను. నాలుగవ ఆటలో డోబీ బంతిని ఆటస్థలపు హద్దు దాటునట్లు కొట్టెను. క్లీవ్‌లాండ్ ఒక్క పరుగు తేడాతో గెలిచెను. ఆట ముగిసిన పిమ్మట నాటి ఆటలో బంతి విసరిన స్టీవ్ గ్రోమెక్ అను తెల్లజాతి ఆటగాడు, డోబీ, చెంపకు చెంప చేర్చి ఆనందముతో కౌగిలించుకొనిరి. మరునాడు ఆ ఛాయాచిత్రము దేశమంతట పత్రికలలో వెలువడెను. ఒక యేడాది క్రితము చేయి కలుపుటకు సహచరులు జంకిన జట్టులోనే ఇట్టి దృశ్యము కానవచ్చుట చూచి పలువురు ఆశ్చర్యపడిరి. క్లీవ్‌లాండ్ ఆ యేటి విజేత అయ్యెను.

వీక్ 1949లో ఆ జట్టును అమ్మివేసెను. తరువాత సెయింట్ లూయిస్ జట్టును కొంతకాలము నడపెను. అచట ఆయన చేసిన వింతలు కొన్ని ఇతర యజమానులకు నచ్చలేదు. ఆటను అపహాస్యము చేయుచున్నాడని వారు కోపించిరి. 1959లో షికాగో వైట్ సాక్స్ జట్టునకు అధిపతియై, 40 సంవత్సరముల తరువాత ఆ జట్టునకు అమెరికన్ లీగ్ విజయమును చేకూర్చెను. ఆటగాండ్ర అంగీల వీపుపై వారి పేర్లు వ్రాయించు పద్ధతిని 1960లో ప్రవేశపెట్టెను. దూరమున కూర్చుండిన పేదవానికిని ఆటగాడెవరో తెలియవలెననుట ఆయన కోరిక. కార్యాలయమున తన గదికి తలుపు తీయించివేసెను. ఎవరు ఫోను చేసినను తానే పలుకుచుండెను. యజమానులు ఆటగాండ్రను వారి యిష్టముతో పనిలేక కట్టివేయు నియమమును ఎదిరించి కర్ట్ ఫ్లడ్ అను ఆటగాడు న్యాయస్థానమున వ్యాజ్యము వేసినప్పుడు, 1970లో వీక్ అతని పక్షమున సాక్ష్యమిచ్చెను.

1975లో ఆయన మరల వైట్ సాక్స్ జట్టును కొనెను. 1978లో దాని నిర్వాహకునిగా లారీ డోబీని నియమించెను. పెద్ద జట్టునకు నిర్వాహకులైన నల్లజాతివారిలో డోబీ రెండవవాడు. ఆటస్థలము లోపల చోటుకై పోరాడిన యువకుడు మూడు దశాబ్దముల పిమ్మట ఒక జట్టునే నడపువాడయ్యెను. వారిద్దరి స్నేహము చివరివరకు చెక్కుచెదరలేదు. 1986 జనవరి 2వ తేదీన బిల్ వీక్ షికాగోలో మరణించెను. 1991లో ఆయనకును, 1998లో డోబీకిని బేస్‌బాల్ కీర్తిమందిరమున స్థానము లభించెను.

రెండు జట్లతో మొదలైన ఎడారి పోటీలు క్రమముగా పెరిగెను. క్లీవ్‌లాండ్ జట్టు 1992 వరకు టూసాన్‌లోనే సాధన చేసెను. 2009లో మరల ఆరిజోనాకు వచ్చి ఫీనిక్స్ సమీపమున స్థిరపడెను. 2022 నుండి ఆ జట్టు గార్డియన్స్ అను పేరుతో ఆడుచున్నది. నల్లవారును, తెల్లవారును, అనేక దేశములకు చెందినవారును ఒకే బసలో నుండి, ఒకే బల్ల చుట్టును భుజించి, ఒకే జట్టుగా ఆడుదురు. వారిని చూచుటకు పోవు ప్రజలు తమకు ఇష్టమైన చోట కూర్చుందురు.

వీక్ ఎడారికి దారి చూపెను. అది గొప్ప పనియే. కాని ఊరు మార్చినంతమాత్రమున అన్యాయము తొలగదని ఆయనకు టూసాన్ బోధించెను. న్యాయము కోరువాడు మార్గము వేసిన చాలదు. ఆ మార్గమున నడచువాని ప్రక్కన తుదివరకు నిలువవలెను. డోబీ ఓడిన యేడు వదలక, గెలిచిన యేడు మరువక, ముప్పది యేండ్ల తరువాతను అతనిని పిలిచి పెద్దపదవి యిచ్చుట చేతనే వీక్ పేరు ఆటలను మించి నిలిచినది.